మంగళవారం మహిళల క్లినిక్: తప్పకుండా వెళ్లండి, వెళ్లలేని వాళ్ల సంగతి కూడా చదవండి

ఆరోగ్య మహిళ క్లినిక్ ఎట్లుంది, గర్భసంచి పరీక్ష నొప్పి పెడుతుందా, హెచ్‌ఐవీ పరీక్ష చేయించుకుంటే ఊరంతా తెలిసిపోతుందా అని మా మహిళా సంఘం వాళ్లు, చుట్టాలు చాలామంది అడుగుతున్నారు కాబట్టి అంతా ఒక్కచోట రాస్తున్నాను. ముందే చెప్తున్నా, ముప్పై దాటిన ఆడవాళ్లందరూ వెళ్లాలి. పరీక్షకు నేనిచ్చే మార్కులు అయిదుకు నాలుగున్నర. కానీ కైకిలి చేసుకుని బతికే మనిషి ఆ పరీక్ష బల్ల దాకా చేరే దారికి రెండు కూడా వేయలేను. ఎందుకో కింద రాశాను, కొంచెం పొడుగుంది, ఓపిగ్గా చదవండి.

తెలియని వాళ్లకు: ఈ క్లినిక్‌లు 2023 మార్చి 8న మన తెలంగాణ రాష్ట్రంలో మొదట 100 కేంద్రాలతో మొదలయ్యాయి. ప్రతి మంగళవారం ఆడవాళ్లకే. బీపీ, షుగర్, రక్తం తక్కువ ఉందా అన్నవి చూస్తారు, నోటి, రొమ్ము, గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ల పరీక్షలు చేస్తారు, మూత్రంలో మంట, తెల్లబట్ట, నెలసరి బాధల వంటివి కూడా చూస్తారు. పైసా తీసుకోరు. నేను వెళ్లింది పాలమూరు జిల్లాలో ఒక మండలంలోని కేంద్రానికి. ఏ మండలమో రాయడం లేదు, అక్కడి సిస్టర్ మీద నాకు ఎంత గౌరవమో ఆ కేంద్రం ఏర్పాట్ల మీద అంత కోపం, పేరు రాస్తే మాట పడేది ఆ సిస్టరే.

పరీక్ష పేరు వీఐఏ. నూడుల్స్ బండి మీద కనిపించే వెనిగర్‌లో ఉండే ఆమ్లమే, 3 నుంచి 5 శాతం బలంతో, దూదితో గర్భసంచి ముఖద్వారానికి అద్ది ఒక నిమిషం ఆగి లైటు వేసి చూస్తారు. తెల్ల మచ్చ లేస్తే అనుమానం ఉన్నట్టు, లేకపోతే లేనట్టు, అక్కడికక్కడే చెప్తారు. కొంచెం ఇబ్బందిగా, కొంచెం చల్లగా ఉంటుంది, అదీ సిస్టర్ చెయ్యి మెత్తనిదైతే అంతకూడా ఉండదు. మా వదినె భయపడి బిగుసుకుపోతే ఆ సిస్టర్ పని ఆపేసి, 'వదినా, మీ బిడ్డ ఏం చదువుతుంది' అని అడిగి మాటల్లో పెట్టి, ఊపిరి తీసుకోమని చెప్పి అప్పుడు చేసింది. ఇంత ఓపిక పైసలు కట్టిన చోట కూడా నేను చూడలేదు. నెలసరి రోజుల్లో, కడుపుతో ఉన్నప్పుడు చేయరు. 30 నుంచి 65 ఏళ్ల దాకా అయిదేళ్లకోసారి చేయించుకోవాలి, అయితే నెలసరి ఆగిపోయిన పెద్దవాళ్లలో ఈ పరీక్ష అంత బాగా పట్టుకోలేదని, వాళ్లకు వేరే పరీక్ష మంచిదని సిస్టరే చెప్పింది. దాచిపెట్టకుండా చెప్పినందుకు ఆమెకు దండం.

ఇంత చిన్న పరీక్షతో ఏమవుతుంది అనుకునేవాళ్లు ఒకటి తెలుసుకోండి. ముంబైలో టాటా మెమోరియల్ డాక్టర్లు బస్తీల్లో ఉండే లక్షన్నర మంది ఆడవాళ్ల మీద ఏళ్ల తరబడి చేసిన అధ్యయనం ఫలితం 2013లో చెప్పారు, మామూలు ఆరోగ్య కార్యకర్తలకు శిక్షణ ఇచ్చి ఇదే వెనిగర్ పరీక్ష చేయిస్తే గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ చావులు 31 శాతం తగ్గాయి. మన పాలమూరోళ్లు తరాలుగా కట్టడం పనులకు వెళ్లి గుడిసెలు వేసుకుని బతికిన ఊరే అది. పెద్ద మిషన్లు లేకుండానే అక్కడ జరిగింది, మరి ఇక్కడ ఎందుకు జరగదు?

ఇప్పుడు జబ్బు సంగతి. సిస్టర్ చెప్పింది, నేను తర్వాత చదివి తెలుసుకున్నది కలిపి రాస్తున్నాను. ఈ క్యాన్సర్ దాదాపు ప్రతిసారీ హెచ్‌పీవీ అనే వైరస్ వల్లే వస్తుంది, అందులో 16, 18 రకాలు రెండే డెబ్బై శాతం దాకా కారణం. సంసారం చేసే ఆడా మగా ఇద్దరిలో చాలామందికి ఎప్పుడో ఒకప్పుడు ఈ వైరస్ సోకుతుంది, ఎక్కువమందిలో ఏడాది రెండేళ్లలో దానంతట అదే పోతుంది. కొందరిలో పోకుండా ఉండిపోయి, క్యాన్సర్‌గా మారడానికి పదిహేను ఇరవై ఏళ్లు పడుతుంది. అంటే పట్టుకోవడానికి మనకు బోలెడు టైం ఉంది. హెచ్‌ఐవీ ఉండి మందులు సరిగ్గా వాడని ఆడవాళ్లలో ఈ టైం అయిదు పదేళ్లకు కుదించుకుపోతుంది. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లకు ఈ క్యాన్సర్ వచ్చే అవకాశం మిగతావాళ్లకన్నా ఆరు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క, అందుకే వాళ్లు 25 ఏళ్ల నుంచే పరీక్షలు మొదలుపెట్టాలంటుంది. ఈ రెండు వైరస్‌ల కథ ఇట్లా ఒకదానితో ఒకటి ముడిపడి ఉంది. హెచ్‌పీవీకీ ఈ క్యాన్సర్‌కీ సంబంధం కనిపెట్టిన జర్మనీ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ వస్తే, ఆ బహుమతిలోనే సగం హెచ్‌ఐవీని కనిపెట్టిన బారే సినూసీకి, మోంటాన్యేకు వచ్చింది.

ఇది ఇంత వివరంగా ఎందుకు రాస్తున్నానంటే, బల్ల మీద వరుసలో కూర్చున్నప్పుడు నా పక్కనే ఒకామె 'గా జబ్బు ఎసువంటోళ్లకు వస్తదో తెల్వదా' అన్నది, ఆ మాట విని ఇద్దరు లేచి వెళ్లిపోయారు. పెళ్లి తప్ప ఇంకేమీ ఎరగని ఆడవాళ్లకు కూడా వస్తుంది, చాలాసార్లు వాళ్లకే వస్తుంది. గుణం మీద వేసే ఈ నింద ఎంతమందిని ఆ బల్ల మీద నుంచి లేపి పంపిందో! మన దేశంలో 2022 ఒక్క ఏడాదిలో 1,27,000 మందికి పైగా ఈ క్యాన్సర్ వచ్చింది, దాదాపు 80,000 మంది చనిపోయారు. ప్రపంచం మొత్తంలో ఈ క్యాన్సర్‌తో చనిపోయేవాళ్లలో నూటికి 94 మంది పేద, మధ్యాదాయ దేశాలవాళ్లే. వైరస్ అందరికీ సోకుతుంది, చావు మాత్రం పరీక్ష దాకా రాలేని వాళ్లకు వస్తుంది. నాకు ఇదే తట్టుకోలేని బాధ.

రాలేకపోవడం అంటే ఏమిటో చెప్తాను. మంగళవారం అంటే పనిరోజు. పత్తి ఏరే రోజుల్లో, నాట్ల రోజుల్లో ఒక్క పూట మానేస్తే ఆ పూట కూలి పోవడమే కాదు, గుంపులోంచి పేరు తీసేస్తారు, మరుసటి రోజు పిలవరు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఫ్రీ అయింది, అది నిజంగా పెద్ద మేలు, మాతో వచ్చిన వాళ్లలో సగం మంది అందుకే రాగలిగారు. కానీ మా తండాలకు బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. పరీక్ష పది నిమిషాలదైనా రోజంతా పోతుంది. ఇంట్లో బర్లు ఉంటాయి, బడి నుంచి పిల్లలు వస్తారు, అత్తమ్మకు మందులు వేయాలి. ఇంత చేసి వెళ్లినా మొగుడిని అడిగి వెళ్లాలి, అడిగితే 'నీకేమైందని దవాఖానకు' అంటాడు. ఏమీ కాకముందే వెళ్లాల్సిన పరీక్ష ఇది అని ఆ ఒక్క మాట ఎట్లా అర్థం చేయించాలి? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదోది చూస్తే, దేశంలో 30 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు నూటికి ఇద్దరు కూడా లేరు. అదే సర్వేలో, మన రాష్ట్రంలో 20 నుంచి 24 ఏళ్ల వాళ్లలో 23 శాతానికి పైగా పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు. చిన్న వయసులో సంసారం, వెంటవెంట కాన్పులు ఈ క్యాన్సర్ ముప్పును పెంచుతాయి, అంటే పదో తరగతిలో బడి మానిపించి పెళ్లి చేసిన పిల్ల నలభై అయిదేళ్ల వయసులో దాని ఫలితం అనుభవిస్తుంది. అప్పటికి పెళ్లి చేసినవాళ్లు ఎవరూ ఉండరు.

ఏర్పాట్ల మీద నా ఫిర్యాదు ఇది. పరీక్ష గదికి తలుపు గొళ్లెం పనిచేయదు, అడ్డంగా ఒక కర్టెన్, అదీ చిన్నది. మందులిచ్చే కిటికీ పక్కనే, మగవాళ్లు కూడా నిలబడే చోట మమ్మల్ని కూర్చోబెట్టారు. పేరుతో పాటు 'గర్భసంచి క్యాన్సర్ పరీక్షకు వచ్చినోళ్లు' అని గట్టిగా పిలిచారు. ఈ మూడూ పైసలు పెద్దగా అక్కర్లేని పనులు. ఒక గొళ్లెం, ఒక పెద్ద పరదా, ఒక టోకెన్ నంబర్.

మచ్చ కనిపించిన వాళ్లకు తర్వాత ఏమవుతుందనేది ఇంకా పెద్ద సమస్య. చిన్న మచ్చలను వేడితో కాల్చి తీసేసే చికిత్స ఉంది, మత్తు అక్కర్లేదు, వెంటనే ఇంటికి పోవచ్చు. మా కేంద్రంలో అది లేదు, పెద్ద దవాఖానకు రాసిచ్చారు. చీటీ తీసుకున్న వాళ్లలో ఎవరు వెళ్లారో, ఎవరు వెళ్లలేదో అడిగే మనిషి లేడు. మాతో వచ్చిన ఒకామె చీటీ మడిచి రవికలో పెట్టుకుని పత్తి అయిపోయినంక పోతా అన్నది. మా సంఘం వాళ్లం వెంటపడి తీసుకెళ్లాం, చికిత్స అయింది, బాగుంది. వెంటపడే వాళ్లు లేని ఊళ్ల సంగతి ఏంటి?

చీటీ రాసివ్వడం కూడా లేని చోట ఏమవుతుందో మా చిన్నమ్మను చూసి చెప్తున్నాను. తెల్లబట్ట, మధ్యమధ్యలో రక్తం అని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే ఆయన పట్నంలో ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు పంపాడు. అక్కడ ఏ పరీక్షా చేయకుండా గర్భసంచి పాడైంది, తీసేయాలి అన్నారు. మూడు రూపాయల మిత్తికి అప్పు తెచ్చి ఆపరేషన్ చేయించారు. తీసిన తర్వాత ముక్క పరీక్షకు పంపితే క్యాన్సర్ అని తేలింది. క్యాన్సర్ ఉందని ముందే తెలిస్తే చేయాల్సిన ఆపరేషన్ వేరు, చికిత్స వేరు. మళ్లీ హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ దవాఖానకు పోయి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టించుకోవాల్సి వచ్చింది. అది ఆరోగ్యశ్రీలో అయింది, ఆ దవాఖాన వాళ్లు మంచిగా చూశారు. చిన్నమ్మ ఇప్పుడు తిరుగుతోంది, మొదటి ఆపరేషన్ అప్పు మాత్రం ఇంకా తీరలేదు. వెనిగర్ అద్ది ఒక నిమిషం చూస్తే కనీసం అనుమానమైనా వచ్చేది. గర్భసంచి తీసేసే ఆపరేషన్లలో దేశంలోనే ముందు వరుసలో ఉన్న రాష్ట్రం మనది. అక్కల్లారా, తెల్లబట్ట అని పోతే గర్భసంచి తీసేస్తామంటే ఆగండి, ముందు ఈ పరీక్ష చేయించండి. 2023 డిసెంబర్ నుంచి ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలు, అప్పు తేకముందు దవాఖానలో ఆరోగ్యమిత్రను అడగండి.

ఇక హెచ్‌ఐవీ. క్లినిక్‌లో సిస్టర్ మాలో కొందరిని పెద్ద దవాఖానలో ఐసీటీసీకి కూడా వెళ్లమంది, అంటే కౌన్సెలింగ్ చేసి పరీక్ష చేసే గది. నేనూ చేయించుకున్నాను. చాలా బాగుంది అక్కడ. గది లోపలికి ఒక్కొక్కరినే పిలుస్తారు, తలుపు మూస్తారు, ముందు మాట్లాడి ఒప్పుకుంటేనే రక్తం తీస్తారు, ఫలితం మీకే చెప్తారు. మొదటి పరీక్షలో వస్తే అదే చివరి మాట అనుకోవద్దు, వేర్వేరు కిట్లతో మూడుసార్లు చూసి అప్పుడే ఖాయం చేస్తారు. 2017లో వచ్చిన చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది, దాని ప్రకారం మన ఒప్పుకోలు లేకుండా పరీక్ష చేయకూడదు, ఫలితం ఇంకొకరికి చెప్పకూడదు, హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగంలోంచి, అద్దె ఇంట్లోంచి, వైద్యం నుంచి గెంటకూడదు. అనుమానాలుంటే 1097కు ఫోన్ చేయండి, పైసలు పడవు. మందులు 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది. రోజూ మందు వేసుకుని రక్తంలో వైరస్ కనిపించనంత తగ్గితే సంసారంలో భాగస్వామికి అంటదు, కడుపులో బిడ్డకు అంటే ప్రమాదం కూడా చాలా తగ్గుతుంది. మందులు వాడుతున్న వాళ్లకు పింఛన్ కూడా ఉంది.

నాకు కోపం తెప్పించింది గది బయట జరిగింది. ఒక అటెండర్ 'ఎయిడ్స్ గది అటు' అని వరండా అంతా వినపడేలా అరిచాడు. లోపల అంత జాగ్రత్తగా ఉండి ఏం లాభం, బయట ఇట్లుంటే?

లోపల కౌన్సెలర్ మా గుంపులో ఒకామెతో, 'అక్కా, ఈసారి మీ ఆయన్ని కూడా తీసుకురా' అంటే ఆమె, 'ఆయన రాడు మేడం, అడిగితే నన్నే అనుమానిస్తడు' అన్నది. బయటికొచ్చాక ఆమే మాకు చెప్పింది. ఈ జబ్బు దారి మొత్తం ఆ ఒక్క మాటలో ఉంది. నారాయణపేట, కోస్గి, మద్దూరు, దేవరకద్ర వైపు ఊళ్లలో పుణెకో ముంబైకో పోని ఇల్లు తక్కువ. మేస్త్రి దగ్గర అడ్వాన్స్ తీసుకుని ఆ అప్పు తీరేదాకా నెలల తరబడి రేకుల షెడ్లలో, భాష రాని చోట, ఇంటికి దూరంగా బతుకుతారు. అక్కడ వాళ్లను పలకరించే ఆరోగ్య కార్యకర్త అరుదు, కండోమ్ గురించి, పరీక్ష గురించి మన భాషలో చెప్పే మనిషి ఇంకా అరుదు. నల్గొండ వైపు నార్కట్‌పల్లి, నకిరేకల్, సూర్యాపేట మీదుగా పోయే జాతీయ రహదారి మీద లారీ డ్రైవర్లదీ అదే కథ. వలస పోయినవాళ్లను నేను తప్పు పట్టడం లేదు, మా నాన్న కూడా ఏళ్లకేళ్లు పోయినవాడే. నీళ్లు లేని భూమి, తీరని మిత్తి వాళ్లను పంపాయి. కానీ తిరిగొచ్చిన మనిషి పరీక్ష చేయించుకోడు, ఇంట్లో ఉన్న ఆడమనిషి కండోమ్ మాట ఎత్తలేదు, ఎత్తితే తన్నులు. తెలంగాణలో హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల శాతం దేశ సగటుకు రెండు రెట్లు ఉంది. కండోమ్ హెచ్‌ఐవీని బాగా ఆపుతుంది, హెచ్‌పీవీని పూర్తిగా ఆపకపోయినా ముప్పు తగ్గిస్తుంది. మక్తల్, ఊట్కూరు వైపు దేవుడి పేరు చెప్పి జోగినులుగా మార్చిన ఆడవాళ్ల సంగతి అందరికీ తెలుసు, 1988లోనే చట్టం వచ్చినా ఆ అక్కలకు, వాళ్ల బిడ్డలకు దవాఖానలో కూడా చిన్నచూపే. వాళ్లను మేము పిలిస్తే 'మమ్మల్ని చూసి మిగతావాళ్లు లేచిపోతరు' అన్నారు. ఈ క్లినిక్ అందరికన్నా ముందు చేరాల్సింది వాళ్ల దగ్గరికే.

వైరస్‌ల వల్ల వచ్చే ఇంకో క్యాన్సర్, కాలేయం క్యాన్సర్ గురించి ఒక్క ముక్క. హెపటైటిస్ బి, సి వైరస్‌ల వల్ల అది రావచ్చు. ఊళ్లో ప్రతి జ్వరానికీ సూది వేయించుకునే అలవాటు మానండి, వేయించుకుంటే కొత్త సూది కళ్ల ముందు విప్పమనండి. బిడ్డ పుట్టిన వెంటనే హెపటైటిస్ బి టీకా వేశారో లేదో కనుక్కోండి.

ఆడపిల్లలకు వేసే హెచ్‌పీవీ టీకా గురించి చాలామంది అడిగారు. మన దేశంలోనే సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సర్వావాక్‌కు 2022లో అనుమతి వచ్చింది, మార్కెట్లోకి వచ్చినప్పుడు ఒక డోసు దాదాపు రెండు వేలు అన్నారు. ఇద్దరు ఆడపిల్లలున్న కూలి ఇంట్లో అది ఎన్ని రోజుల కష్టం? 9 నుంచి 20 ఏళ్ల వాళ్లకు ఒక్క డోసు కూడా సరిపోతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పింది, హెచ్‌ఐవీ ఉన్న పిల్లలకు మాత్రం రెండు మూడు కావాలి. భయపడేవాళ్లు 2009లో ఖమ్మం జిల్లాలో జరిగింది గుర్తుచేస్తారు. అక్కడ అధ్యయనం పేరుతో ఆడపిల్లలకు ఈ టీకా వేశారు, హాస్టళ్లలో చాలామందికి తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు, 2010లో ఆపేశారు. పిల్లల చావులకు టీకా కారణమని విచారణలో తేలలేదు, కానీ అడగకుండా సంతకం పెట్టించడం ముమ్మాటికీ తప్పు, ఆ తల్లుల కోపం న్యాయమే. మా బిడ్డకు నేను వేయించాను, డాక్టర్ దగ్గర కూర్చుని అన్నీ అడిగి, పిల్లకు కూడా చెప్పి. అందరికీ అట్లా కూర్చోబెట్టి చెప్పాలి, ఉచితంగా వేయాలి.

మెడికల్ ఆఫీసర్‌కు మా సంఘం తరఫున కాగితం ఇచ్చాం: గొళ్లెం, పరదా, టోకెన్లు, నెలకు ఒక ఆదివారం తండాలోనే క్యాంపు, చీటీ రాసిచ్చిన వాళ్ల పట్టిక ఆశా దగ్గర, మగవాళ్లు ఊళ్లో ఉండే పండుగ రోజుల్లో హెచ్‌ఐవీ పరీక్ష. గొళ్లెం బిగించారు. మిగతావాటికి పైకి రాశాం అన్నారు, మళ్లీ అడుగుతాం.

వెళ్లేవాళ్లు ఆధార్, రేషన్ కార్డు, పాత రిపోర్టులు ఉంటే అవి పట్టుకోండి. నెలసరి అయిపోయాక వెళ్లండి. పొద్దున తొమ్మిదిన్నరకల్లా చేరితే మధ్యాహ్నం లోపు అయిపోతుంది, ఒంటరిగా కాకుండా ముగ్గురు నలుగురు కలిసి వెళ్లండి, తీసుకెళ్లే మనిషి లేకపోతే ముందు రోజు మీ ఊరి ఆశాకు చెప్పండి. మచ్చ ఉందని చీటీ ఇస్తే పత్తి దాకా ఆగొద్దు, ఆ వారమే పోండి.